ఒక్క ఫీల్డే కదా అనుకునే ముందు

2025 సెప్టెంబరు 30తో ఐబీఎం మాక్సిమో 7.6.1కి మామూలు సపోర్ట్ గడువు ముగిసింది. శాప్ ఈసీసీ 6.0లో కొత్త ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాకేజీలు వేసుకున్నవాళ్లకు 2027 చివరిదాకా గడువుంది. కరెంటు కేంద్రాలు, రిఫైనరీలు, ఉక్కు కర్మాగారాలు, రైల్వేలు, నీటి సరఫరా సంస్థలు చాలాచోట్ల తమ యంత్రాల నిర్వహణను ఈ రెండింటిలో ఒకదాని మీద నడుపుతాయి. అవన్నీ ఇప్పుడు కొత్త వెర్షన్లకు మారుతున్నాయి, లేదంటే మారడానికి బడ్జెట్ వేసుకుంటున్నాయి. ఆ సమావేశాల్లో లైసెన్సు ధర గురించీ, క్లౌడ్ గురించీ గంటలకొద్దీ మాట్లాడతారు. నన్ను కలవరపెడుతున్నది అది కాదు. గత పదిహేను, ఇరవై ఏళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఎవరెవరో రాయించిన మార్పుల్లో ఏది ప్లాంటు భద్రతను కాపాడుతోందో, ఏది దాన్ని లోలోపల బలహీనపరుస్తోందో చెప్పగలిగిన మనిషి చాలా సంస్థల్లో ఇప్పుడు లేడు. తెలియకుండానే అన్నింటినీ మూటగట్టి కొత్త వ్యవస్థలోకి మోసుకెళ్తున్నారు, లేదా తెలియకుండానే అన్నింటినీ వదిలేస్తున్నారు. రెండూ ప్రమాదమే.

ఈ రంగం కొత్తవారికి రెండు మాటలు. ఎంటర్‌ప్రైజ్ అసెట్ మేనేజ్‌మెంట్, పొట్టిగా ఈఏఎం, అంటే ప్లాంటులో ప్రతి పంపుకీ మోటారుకీ వాల్వుకీ ఒక నంబరిచ్చి దాని చరిత్రంతా ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్. పంపు శబ్దం చేస్తోందని ఆపరేటర్ రాస్తే వర్క్ ఆర్డర్ పుడుతుంది. సూపర్‌వైజర్ ఆమోదిస్తాడు, స్టోర్స్ నుంచి బేరింగ్ వస్తుంది, పర్మిట్ ఇస్తారు, ఫిట్టర్ పని చేస్తాడు, చివరికి ఆ ఆర్డర్ మూసేస్తారు. ఏ పంపుకు ఎన్నాళ్లకోసారి గ్రీజు పెట్టాలో, ఏ సేఫ్టీ వాల్వును ఎప్పుడు విప్పి పరీక్షించాలో గుర్తుపెట్టుకుని ఆ పనుల్ని తనంతట తనే పుట్టించేదీ అదే. దీన్ని ప్రివెంటివ్ మెయింటెనెన్స్, పీఎం అంటాం.

ఈ సాఫ్ట్‌వేర్‌ను మనకు తగ్గట్టు మార్చుకోవడానికి రెండు దారులున్నాయి. తయారీదారు ఇచ్చిన సెట్టింగులతో సర్దుకోవడం కాన్ఫిగరేషన్. అవి చాలవని సొంత కోడ్ రాయడం కస్టమైజేషన్. మొదటిది చాలామటుకు కొత్త వెర్షన్‌లోకి మనతోపాటే వస్తుంది. రెండోది వస్తుందా రాదా, వచ్చినా మునుపటిలాగే పనిచేస్తుందా అన్నది ప్రతి అప్‌గ్రేడ్‌కీ మనమే పరీక్షించి తెలుసుకోవాలి. కాగితం మీద ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. గో-లైవ్ తేదీ నెత్తిమీద ఉన్నప్పుడు చెరిగిపోతుంది.

ఒక మార్పును దగ్గరగా చూద్దాం. మాక్సిమోలో వర్క్ ఆర్డర్ స్థితికి రెండు విలువలుంటాయి: ప్రోగ్రామ్ చూసే లోపలి విలువ, మనుషులు చదివే పై విలువ. మెయింటెనెన్స్ విభాగం ‘పని అయింది, కాంట్రాక్టర్ కొలతలు రావాలి’ అనే కొత్త స్థితి కావాలని అడిగిందనుకోండి. న్యాయమైన కోరికే. డొమైన్ల తెరలోకి వెళ్లి ‘కంప్లీట్’ అనే లోపలి విలువ కింద ఈ కొత్త పేరును పర్యాయంగా చేరిస్తే సరిపోతుంది. ఒక్క లైను కోడ్ అక్కర్లేదు. ప్రోగ్రామ్ దృష్టిలో అది కంప్లీటే కాబట్టి పీఎం గడువుల లెక్క చెదరదు.

ఇదే కోరికను ఇంకోలా తీర్చడం నేను పదేపదే చూశాను. కొత్త ఫీల్డు ఒకటి, దాన్ని కనిపెట్టుకుని ఉండే జావా క్లాసు ఒకటి, రాత్రిపూట నడిచి కొలతలు వచ్చిన ఆర్డర్ల స్థితిని నేరుగా డేటాబేస్‌లో మార్చే ఎస్‌క్యూఎల్ ఒకటి. తెల్లారేసరికి తెరమీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ స్థితి మారిన ప్రతిసారీ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో రాసిపెట్టే పట్టిక వేరే ఉంది, డబ్ల్యూఓస్టేటస్ అని. డేటాబేస్‌లో నేరుగా చేయిపెట్టినప్పుడు అందులో ఏమీ చేరదు. ఆ ఆర్డర్ ఒక పీఎం నుంచి పుట్టిందైతే, గత పని ఏ రోజు పూర్తయిందన్న సమాచారం కూడా ఆ పీఎంకు అందదు. పూర్తయిన తేదీ నుంచి తర్వాతి గడువు లెక్కగట్టేలా పెట్టిన పీఎం అక్కణ్నుంచి తప్పు లెక్క మీద నడుస్తుంది. అది ఆఫీసు ఏసీ ఫిల్టరుదైతే పెద్ద నష్టం లేదు. ప్రెషర్ రిలీఫ్ వాల్వుదైతే? ప్రమాదం జరిగాక విచారణకు వచ్చిన అధికారి, ఈ ఆర్డర్ ఎవరు మూశారని అడిగితే ఆ సంస్థ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఇవన్నీ చేసినవాళ్లు చెడ్డ పనివాళ్లు కారు. డొమైన్ల తెర గురించి అడిగే తీరిక వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

దీన్ని అతిగా ఊహిస్తున్నానని అనుకునేవాళ్లు అమెరికా వైమానిక దళం అనుభవం చూడాలి. విడిభాగాలు, సరఫరా, రిపేర్ల లెక్కలు చూసే 200కు పైగా పాత వ్యవస్థల స్థానంలో ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా ఒకే వ్యవస్థ పెట్టాలని వాళ్లు పూనుకున్నారు. ఈసీఎస్‌ఎస్ అని దాని పేరు. 2005 నుంచి 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాక 2012 నవంబరులో రద్దు చేశారు. మొదట అనుకున్నదాంట్లో నాలుగో వంతు పని జరగాలన్నా ఇంకో 110 కోట్ల డాలర్లు కావాలని, అదీ 2020కి గాని చేతికి రాదని అప్పటికి తేలింది. 2014 జులైలో సెనేట్ పరిశోధనా ఉపసంఘం ఇచ్చిన నివేదిక చదివితే సాంకేతిక వైఫల్యం కంటే మొండితనమే ఎక్కువ కనిపిస్తుంది: తమ పాత పని పద్ధతుల్ని మార్చుకోకుండా, సాఫ్ట్‌వేర్‌నే వాటికి తగ్గట్టు వంచాలని చూశారు. ఇక్కడ నన్ను నిజంగా భయపెట్టే వివరం ఒకటుంది. రక్షణ శాఖ వ్యవస్థల్లో ముందు పని పద్ధతులు సరిదిద్దుకోవాలి, బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌ను తమ కోసం మలచడాన్ని వీలైనంత తగ్గించాలి అని 2010 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోనే నిబంధన పెట్టారు. చట్టం ఉండి, డబ్బు ఉండి, మీద కాంగ్రెస్ నిఘా ఉండి కూడా వాళ్లు ఆగలేకపోయారు. ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ హెడ్డు, ఐటీ మేనేజరు కలిసి కూర్చునే చిన్న కమిటీ ఎలా ఆగుతుంది?

ఆగకపోవడానికి కారణం ప్రాజెక్టుల అంచనా పద్ధతిలోనే ఉంది. రిపోర్టులు, ఇంటర్‌ఫేస్‌లు, డేటా కన్వర్షన్లు, ఎన్‌హాన్స్‌మెంట్లు, ఫారాలు, వీటన్నింటినీ కలిపి రైసెఫ్ అంటారు. అవి ఎన్నున్నాయో లెక్కపెట్టి మనిషి-రోజులు కడతారు, దాని మీద బిల్లు వేస్తారు. ఒక కోరిక విని, ‘ఇది మీకు అక్కర్లేదు, మీ ఆమోదాల వరుసలో ఒక మెట్టు తీసేస్తే చాలు’ అని ఒప్పించిన కన్సల్టెంట్ శ్రమకు ఆ పట్టికలో గడి లేదు. హైదరాబాదు నుంచి హ్యూస్టన్ దాకా, గల్ఫ్ దాకా ఈ కోడ్ రాసే చేతుల్లో తెలుగువాళ్ల చేతులు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట మనవాళ్లతో సూటిగా చెప్పాలి: టికెట్‌లో ఏం రాయమన్నారో చూసి ఊరుకోకండి. దాని వెనక ఏ సమస్య ఉందో అడగండి. అడిగే హక్కు మీకుంది. ఈమధ్య ఇంకో ఒత్తిడి తోడైంది. ఏఐ సాధనాలు ఒక ఆటోమేషన్ స్క్రిప్టును నిమిషాల్లో రాసిస్తున్నాయి. రాయడం చవకైంది, నిజమే. దాన్ని పదేళ్లపాటు పరీక్షిస్తూ, అర్థం చేసుకుంటూ, అప్‌గ్రేడ్లు దాటించుకుంటూ పోవడానికయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు.

అలాగని కస్టమైజేషనే వద్దని భీష్మించుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. కొన్ని సంస్థలు ఇప్పుడు ఆ కొసకు వెళ్తున్నాయి. ‘క్లీన్ కోర్’ పేరుతో అన్నింటికీ తలుపులు మూసేస్తే ఏం జరుగుతుందో చూశాను. షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర ఒక ఎక్సెల్ షీటు పుడుతుంది, కాంట్రాక్టర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది, అసలు మెయింటెనెన్స్ అక్కడ నడుస్తుంది. ఈఏఎంలోకి నెలాఖరున మూకుమ్మడిగా ఎంట్రీలు పడతాయి. కోడ్ శుభ్రంగా ఉంటుంది, డేటా అబద్ధమవుతుంది.

కాబట్టి ఎప్పుడు రాయాలి? నా లెక్కలో చట్టమో భద్రతో కోరినప్పుడు, సెట్టింగులతో అది కుదరదని ఎవరైనా కూర్చుని ప్రయత్నించి తేల్చినప్పుడు రాయాలి. యంత్రానికి కరెంటు, ఒత్తిడి ఆపేసే ఐసొలేషన్ పాయింట్లన్నింటికీ తాళం పడితేగాని పని మొదలుకాకూడదని ప్లాంటు నిర్ణయిస్తే, ప్రోడక్టులో ఆ కట్టుదిట్టం లేకపోతే, తప్పకుండా రాయించుకోవాలి. అక్కడ డబ్బుకు వెనకాడకూడదు. టర్బైన్ నడిచిన గంటల్ని కంట్రోల్ వ్యవస్థ నుంచి మీటర్ రీడింగ్‌గా తెచ్చుకోవడం లాంటివి కూడా అవసరమే, అయితే తయారీదారు ప్రకటించిన ఇంటర్‌ఫేస్ ద్వారా. ‘మా పాత సిస్టంలో ఇలా ఉండేది’ అన్నది కారణం కాదు. ‘జీఎంగారికి ఈ రంగు కావాలి’ అన్నదీ కాదు. నేను సంతోషంగా ఒప్పుకునే మార్పులు ఎక్కువగా తీసేసే మార్పులు: ఫిట్టర్ మొబైల్ తెరమీద అనవసరమైన ఫీల్డుల్ని దాచేయడం, మూడు తెరల పనిని ఒక తెరకు కుదించడం. వీటిలో చాలావాటికి కోడే అక్కర్లేదు.

రాయాల్సి వచ్చినప్పుడు కూడా, మారే విషయాన్ని కోడ్‌లో బిగించకూడదు. మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. వాహనాలు కూడా ఆస్తులే. రిజిస్ట్రేషన్ నంబరు సరిగా ఉందో లేదో చూసే స్క్రిప్ట్‌లో ‘ఏపీతో మొదలుకావాలి’ అని రాసిపెట్టారనుకోండి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడగానే టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో అది టీజీగా మారింది. పాత బండ్ల నంబర్లు పాతవిగానే ఉన్నాయి కనుక ఇవాళ హైదరాబాదు డిపోలో ఏపీ, టీఎస్, టీజీ మూడూ చెల్లుతాయి. అనుమతించిన అక్షరాలను ఒక పట్టికలో పెట్టి ఉంటే స్టోర్స్ గుమాస్తా కూడా ఒక వరుస చేర్చగలడు. కోడ్‌లో పెడితే ప్రతిసారీ డెవలపర్ కావాలి, టెస్టింగ్ కావాలి, ఈలోగా కొత్త బండి వ్యవస్థలోకి ఎక్కక దాని సర్వీసింగ్ షెడ్యూలు మొదలవ్వదు. చట్టబద్ధమైన తనిఖీలదీ ఇదే సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం లిఫ్టులు, హాయిస్టులను ఆరు నెలలకోసారి, క్రేన్ల వంటి ఎత్తుడు యంత్రాలను ఏడాదికోసారి అర్హుడైన వ్యక్తి చేత పరీక్ష చేయించమంది. ఆ అంకెల్నీ సెక్షన్ నంబర్లనీ ప్రోగ్రాముల్లో, ప్రింటయ్యే ఫారాల్లో నేరుగా రాసుకున్న సంస్థలున్నాయి. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ చట్టం స్థానంలోకి వృత్తిభద్రత కోడ్ వచ్చింది. ఇప్పుడు వాళ్లు ప్రతి ప్రోగ్రామూ తెరిచి వెతుక్కోవాలి.

డేటా గురించి కొంచెం ఆగి చెప్పాలి, అసలు ఈఏఎం బతికేది దానిమీదే కాబట్టి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో 912వ నంబరు ట్యాంకు పొంగిపొర్లి భారీ పేలుడు జరిగింది. 40 మందికి పైగా గాయపడ్డారు. ఆదివారం తెల్లవారుజాము కావడంతో ప్రాణాలు పోలేదు. ఆ ట్యాంకు లెవెల్ గేజు ఆగస్టు 31 నుంచి ప్రమాదం నాటికి 14 సార్లు ఇరుక్కుపోయిందని దర్యాప్తులో తేలింది. కొన్నిసార్లు సూపర్‌వైజర్లే గేజును పైదాకా లేపి వదిలి సర్దేశారు. కొన్నిసార్లు కాంట్రాక్టర్‌ను పిలిచారు. కొన్నిసార్లు లోపంగా నమోదు చేశారు, కొన్నిసార్లు చేయలేదు. ఆ వైఫల్యానికి అనేక కారణాలున్నాయి, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ మీదా నెట్టలేం. కానీ మూడు నెలల పైచిలుకు కాలంలో 14 సార్లు ఒకే పరికరం మొరాయించిందన్న సంగతి ఒక్కచోట, ఒక్క చూపులో ఎవరికీ కనిపించకపోవడం, అది మన వృత్తికి సంబంధించిన విషయం.

దీన్ని ఆపాలనుకుని సంస్థలు సాధారణంగా అడిగే కస్టమైజేషన్ ఏమిటో తెలుసా? లోపం నమోదు చేసే తెరలో మరో ఐదు ఫీల్డులు తప్పనిసరి చేయమంటారు. ఫలితం వ్యతిరేకంగా వస్తుంది. గ్లవ్స్ తీసి, చెమట తుడుచుకుని టాబ్లెట్ పట్టుకున్న ఫిట్టర్, నమోదు కష్టమయ్యేకొద్దీ చిన్న లోపాలు రాయడం మానేస్తాడు. రాసినా ‘ఇతరములు’ అని, ఒక చుక్క పెట్టి ముందుకు పోతాడు. నాకు తెలిసిన మంచి పరిష్కారం దీనికి ఎదురు దిక్కులో ఉంది. నమోదుకు రెండే మాటలు అడగండి: ఏ పరికరం, ఏం జరిగింది. లోపాల పేర్లను ఐఎస్‌ఓ 14224 వంటి ప్రమాణం నుంచి తీసుకుని చిన్న జాబితాగా ఇవ్వండి. ఒకే పరికరం మీద నెలరోజుల్లో మూడోసారి ఫిర్యాదు వస్తే రిలయబిలిటీ ఇంజనీరుకు మెయిలు వెళ్లేలా పెట్టండి. మాక్సిమోలో ఎస్కలేషన్ అనే సదుపాయం ఆ పనికే ఉంది. ఇందులో సొంత కోడ్ లేదు.

పాత కోడ్ అప్‌గ్రేడ్‌లో ఎలా దెబ్బతీస్తుందో శాప్ నుంచి ఒక్క నమూనా. ఈసీసీలో మెటీరియల్ నంబరు పొడవు 18 అక్షరాలు. దాని తర్వాత వచ్చిన ఎస్‌4 హానాలో 40. సంస్థ సొంతంగా రాయించుకున్న పాత జడ్ ప్రోగ్రాముల్లో ఆ నంబరు కోసం 18 చోట్లే కేటాయించి ఉంటే, పొడవాటి నంబర్లు వాడకంలోకి వచ్చిన రోజున చివరి అక్షరాలు తెగిపోతాయి. మొదటి 18 అక్షరాలూ ఒకేలా ఉన్న రెండు బేరింగులు, ఒకటి మామూలు క్లియరెన్స్‌ది, ఇంకొకటి వేడి ప్రదేశానికి ఎక్కువ క్లియరెన్స్‌ది, ఆ ప్రోగ్రాముకు ఒకటే అయిపోతాయి. ఎర్రర్ మెసేజ్ రావాలనేమీ లేదు. ఇలాంటివి పట్టుకోవడానికి శాప్ సాధనాలు ఇచ్చింది. వాటిని నడిపి, వచ్చిన జాబితాను చదివే మనిషిని పెట్టడం సంస్థ బాధ్యత.

రసాయన పరిశ్రమలో పైపు ఒక్క అంగుళం మార్చాలన్నా మార్పు అనుమతి కాగితం నడుస్తుంది. ఆ క్రమశిక్షణ ఊరికే రాలేదు. 1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో ఒక రియాక్టరును పక్కకు తీసి, దాని స్థానంలో 20 అంగుళాల తాత్కాలిక బైపాస్ పైపు వేశారు. దానికి ఉన్న డ్రాయింగ్ వర్క్‌షాప్ నేల మీద సుద్దతో గీసిందే. వర్క్స్ ఇంజనీరు పోస్టు అప్పటికి ఖాళీగా ఉంది. జూన్ 1న ఆ పైపు పగిలి 28 మంది చనిపోయారు. వర్క్ ఆర్డర్‌ను ఎవరు మూయవచ్చో, పర్మిట్ లేకుండా పని మొదలవుతుందో లేదో తేల్చే స్క్రిప్ట్ కూడా ప్లాంటులో మార్పే. కానీ అది ఐటీ టికెట్‌గా పుట్టి ఐటీ టికెట్‌గానే మూసుకుపోతుంది. సేఫ్టీ విభాగం సంతకం ఉండదు. రాసినవాడు కంపెనీ మారతాడు. స్థితి, పర్మిట్, పీఎం గడువు, ఐసొలేషన్, ఈ నాలుగింటిలో దేన్ని తాకే కోడైనా ప్లాంటు మార్పు అనుమతి దాటే రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రతి మార్పుకూ ఒక యజమాని పేరుండాలి, ఐటీ నుంచి కాదు, ఆ పని చేయించుకున్న విభాగం నుంచి. ఎందుకు రాశామో నాలుగు వాక్యాలుండాలి. మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తామో తేదీ ఉండాలి. ఆ తేదీకి యజమాని వచ్చి అవసరముందని చెప్పకపోతే ముందు టెస్ట్ సర్వరులో, తర్వాత అసలు దాంట్లో ఆపేయాలి.

ఇప్పటికే పేరుకుపోయినదాన్ని తవ్వే పని కూడా మొదలుపెట్టాలి. మాక్సిమోలో ఏయే ఆబ్జెక్టులకు సొంత జావా క్లాసులు తగిలించారో ఒక్క క్వెరీతో తెలుస్తుంది. క్లాసు పేరు పీఎస్‌డీఐతో గానీ ఐబీఎం పేరుతో గానీ మొదలుకానివన్నీ చూడండి. పీఎస్‌డీఐ అన్నది 1985లో మాక్సిమోను తెచ్చిన అసలు కంపెనీ పేరు, ఆ అక్షరాలు ఇంకా కోడ్‌లో బతికున్నాయి. కొత్త మాక్సిమో కంటెయినర్ల మీద నడుస్తుంది కనుక పాత పద్ధతిలో సర్వరులోకి వెళ్లి ఒక క్లాసు ఫైలు మార్చి రావడం కుదరదు. వాటన్నింటినీ మూటగా కట్టి ఇమేజ్ తిరిగి తయారుచేయాలి. అందుకే ఏది మోయాలో ముందే తేల్చుకోవాలి. ఏ జాబితాలోనూ కనిపించనివి డేటాబేస్ ట్రిగ్గర్లు, బయటి సర్వరు నుంచి నడిచే ఎస్‌క్యూఎల్ జాబులు. అన్నింటికంటే వీటికే నేను ఎక్కువ భయపడతాను. డేటాబేస్ చూసుకునే డీబీఏను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ రాయించుకోవాలి.

శాప్‌లోనైతే ఎస్‌సీమాన్ అనే సదుపాయం ఆన్ చేస్తే, మీ జడ్ ప్రోగ్రాముల్లో నిజంగా ఏవి నడుస్తున్నాయో అదే నమోదు చేస్తూ పోతుంది. రెండు నెలలు నడిపి, కనిపించనివన్నీ తీసేస్తామని తొందరపడేవాళ్లను ఆపండి. మార్చి నెలాఖరు లెక్కల్లో మాత్రమే నడిచేది ఒకటుంటుంది. వార్షిక షట్‌డౌన్‌లో బాయిలర్ విప్పినప్పుడు మాత్రమే అవసరమయ్యే ఫారం ఒకటుంటుంది. ఏడాదికోసారి జరిగే క్రేన్ లోడ్ టెస్టుకు ఒక రిపోర్టు ఉంటుంది. ఇవన్నీ కనిపించాలంటే పూర్తి ఏడాది నమోదు కావాలి. ఆ తర్వాత యజమానులను వెతకడానికి, అక్కర్లేనివి ఆపి చూడటానికి, ఉంచాల్సినవి తిరగరాసి పరీక్షించడానికి ఇంకో ఏడాదైనా పడుతుంది. 2027 డిసెంబరులోపు మీ ప్లాంటుకు ఇంకెన్ని వార్షిక షట్‌డౌన్లు ఉన్నాయో క్యాలెండరులో చూసుకుని, వచ్చే షట్‌డౌన్ మొదలయ్యేలోపే ఎస్‌సీమాన్ ఆన్ చేయించండి.